జీపు ముందు బోర్డు

ఏనుగురాయి మలుపు దగ్గర జీపు మళ్ళీ ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి, లోపల నీళ్ళు కుతకుతలాడే చప్పుడు. అచ్యుతం దాన్ని చల్లారబెట్టి, వెనక్కి తిప్పుకొని, వచ్చిన దారినే ఆశ్రమానికి దిగాడు. కాళ్ళు కడుక్కొని గురువుగారి ముందు నిలబడ్డాడు.

"ఈ బండి పనికిరాదు స్వామీ. వేరేది చూసుకోవాలి."

"దీన్ని చూసింది నువ్వే కదా" అన్నారు అమలబోధ స్వామి.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. పొద్దున వాన పడింది కదా అన్నట్టు అన్నారంతే. అచ్యుతానికి మాత్రం గోటి కింద ముల్లు దిగినట్టయింది.

ఎందుకంటే అతను మామూలు మనిషి కాదు, బళ్ళ విషయంలో. ఆశ్రమానికి రాకముందు ఒక బీమా కంపెనీలో పనిచేశాడు. ప్రమాదాల్లో నలిగిన వాహనాలను చూసి ఏది పాత దెబ్బో, ఏది కొత్త దెబ్బో తేల్చే ఉద్యోగం. బండి చుట్టూ ఒక్కసారి తిరిగితే దాని జాతకం చెబుతాడని పేరుండేది. ఆ ఉద్యోగాన్నీ పట్నాన్నీ వదిలిపెట్టి స్వామివారి దగ్గర చేరాడు. అన్నీ వదిలేసిన వాడికి కూడా ఏదో ఒకటి మిగిలిపోతుంది. కొందరికి కాఫీ మిగులుతుంది, కొందరికి కోపం మిగులుతుంది. అచ్యుతానికి బళ్ళ సంగతి తనకు తెలుసునన్నది మిగిలింది.

ఆశ్రమం అంటే పెద్దదేమీ కాదు. కొండల మొదట్లో రెండు పెంకుటిళ్ళు, ఒక చిన్న వైద్యశాల, ఒక రేకుల షెడ్డు. పైన కొండల్లో ఊటలబంద లాంటి ఊళ్ళున్నాయి. అక్కడ ఎవరికైనా జబ్బు చేస్తే, కర్రకు దుప్పటి కట్టి, డోలీలో పడుకోబెట్టి, ఇద్దరు మనుషులు మోసుకొని దిగాలి. దిగేలోపల బతికితే వైద్యశాల, లేకపోతే అదే డోలీలో వెనక్కి. ఆ సంగతి ఎవరో దాత చూసి, చూసి ఓర్చుకోలేక, ఒక జీపు కొనిపెడతానన్నాడు.

"అచ్యుతం, నువ్వే చూడు" అన్నారు స్వామి.

చూడ్డమంటే ఎలా చూశాడనీ! మన జనం బండి కొనేటప్పుడు ముందు రంగు చూస్తారు, తరవాత హారను నొక్కుతారు, ఆ తరవాత సీటు మీద కూర్చొని రెండుసార్లు ఎగురుతారు. అయిపోయింది, కొనేస్తారు. ఆడపిల్లకు సంబంధం చూసినా కనీసం మేనమామను కనుక్కుంటారు, బండికి అదీ ఉండదు. అచ్యుతం అలా కాదు. ముందు వంగి అడుగుభాగం చూశాడు. పట్నంలో చూసిన మొదటి బండికి అడుగున కొత్త నల్లరంగు నిగనిగలాడుతోంది. "అడుగున రంగు ఎవరికోసం వేశావయ్యా?" అన్నాడు అమ్మేవాడితో. గోటితో గీకితే రంగు కింద తుప్పు పెచ్చులుగా లేచింది.

రెండోది చూడ్డానికి వెళ్ళినప్పుడు బానెట్ మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. అమ్మేవాడు అంతకుముందే ఒకసారి స్టార్టు చేసి ఉంచాడన్నమాట. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొరాయించే ఇంజను, కాస్త వేడెక్కాక మర్యాదగా మాట్లాడుతుంది. మనుషుల్లోనూ అలాంటివాళ్ళున్నారు. అచ్యుతం సాయంత్రం దాకా అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. చల్లారాక తాళం తిప్పమన్నాడు. తిప్పితే తెల్లటి పొగ షెడ్డంతా కమ్మింది.

ఇంకొకటి సరికొత్తది. తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి, లోపల తెర మీద దారి కనిపిస్తుంది, వెనక్కి వెళ్తుంటే ఆడగొంతు హెచ్చరిస్తుంది. అచ్యుతానికి అది నచ్చింది. నచ్చలేదని చెప్పడం అబద్ధమవుతుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర దాని గుణగణాలు గురువుగారికి వర్ణించి వర్ణించి చెప్పాడు.

స్వామి అంతా విని ఒక్కటే అడిగారు. "ఆగిపోతే?"

"అది ఆగదు స్వామీ. కొత్త బండి."

"ఆగిపోతే?"

అచ్యుతం మజ్జిగ అన్నం కలుపుతూ ఆలోచించాడు. అది కొండ మీద ఆగిపోతే దాన్ని విప్పగలిగేవాడు పట్నంలోనే ఉన్నాడు, వాడికీ కంప్యూటరు కావాలి. మర్నాడు వెళ్ళి, అన్నిటికంటె వికారంగా ఉన్న పాత డీజిలు జీపును ఎంచుకున్నాడు. ఫోర్ వీల్ బండి. అడుగున కమాను కట్టల స్ప్రింగులు గట్టివి, ఆయిలు మూత విప్పితే అడుగున నీళ్ళు కలిసిన తెల్లటి నురగ లేదు, బురదలోకి దించి గేరు మార్చి చూస్తే నాలుగు చక్రాలూ తిరిగాయి. దాని సామాను కింద జంక్షన్లో మీరావలి షెడ్డులోనే దొరుకుతుంది. మీరావలి ఆ జాతి బళ్ళను కళ్ళు మూసుకొని విప్పుతాడు, ఒక్కోసారి కళ్ళు మూసుకొనే బిగిస్తాడు కూడా, అది వేరే సంగతి.

ఎండాకాలమంతా ఆ జీపు ఏనుగులా కొండెక్కి దిగింది. ఊటలబందలో పిల్లలు దాని వెనక పరుగెత్తారు. "ఎవరు ఎంచారో కానీ బండంటే ఇదీ" అని జంక్షన్లో డ్రైవర్లు అనుకోవడం అచ్యుతం చెవిన పడింది. పడింది అనడం కంటె అతను అక్కడ నిలబడి పడనిచ్చాడు అనడం సబబు.

అప్పుడు తొలి ఏకాదశి వచ్చింది. స్వామివారు చాతుర్మాస్యంలో కూర్చున్నారు. వానాకాలం నాలుగు నెలలూ ఆశ్రమం ఎల్ల దాటరు. కొండ ఊళ్ళవాళ్ళు ఆయన్ను చూడలేరు. అచ్యుతానికి ఒక ఆలోచన తట్టింది. గురువుగారు కొండెక్కకపోతే ఏం, వారి రూపమైనా రోజూ ఎక్కుతుంది కదా!

టేకు పలక ఒకటి కోయించాడు. వెనక రెండు అడ్డపట్టీలు కొట్టించాడు. జంక్షన్లో బోర్డులు రాసే ఆయన దాని మీద స్వామివారి ముఖం రాశాడు, చిరునవ్వుతో సహా. పైన ఆశ్రమం పేరు. కింద కుడి మూలన చిన్న అక్షరాల్లో 'బాధ్యత: అచ్యుతం' అని. ఆ బోర్డును కొక్కేలతో జీపు ముందు జాలీకి తగిలించాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి సరిగ్గా సరిపోయింది. కొలిచి కోయించాడు మరి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గురువుగారిని షెడ్డు దాకా పిలుచుకొచ్చి చూపించాడు.

స్వామి తన ముఖాన్ని తానే కాసేపు చూసుకున్నారు. "నాకంటె బాగానే ఉన్నాడు" అన్నారు. తరవాత కళ్ళు చికిలించి, "ఆ మూల ఏమిటి రాసింది?" అని అడిగారు.

"నా పేరు స్వామీ. బండి బాధ్యత ఎవరిదో జనానికి తెలియాలి కదా అని."

"ఊఁ" అని స్వామి లోపలికి వెళ్ళిపోయారు.

జీపు వేడెక్కడం ఆ తరవాతనే మొదలైంది.

కింద చదును మీద బాగానే ఉండేది. ఘాటు రోడ్డు మొదలై, రెండో గేరులో మూలుగుతూ నాలుగు మలుపులు ఎక్కేసరికి వేడి చూపే ముల్లు ఎర్రగీతకు పోయేది. ఏనుగురాయి దగ్గరికి ఆవిరి. వానాకాలంలో బండి వేడెక్కడమేమిటి? ఎండల్లో గుడ్డు ఉడికే వేడిలో లేని రోగం, చినుకుల్లో ఎక్కడినుంచి వచ్చింది? అచ్యుతం జీపును మీరావలి దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మీరావలి షెడ్డు అంటే నూనె మరకలు, గ్రీజు చేతులు, తాంబూలం ఉమ్ములు. అలాంటి చోటికి గురువుగారి ముఖాన్ని తీసుకెళ్ళడం అచ్యుతానికి అపచారంగా తోచింది. అందుకని జంక్షనుకు బయలుదేరే ముందు ఎప్పుడూ బోర్డు విప్పి, కళ్ళకద్దుకొని, పూజగదిలో పెట్టి వెళ్ళేవాడు. తిరిగి వచ్చాక స్నానం చేసి మళ్ళీ తగిలించేవాడు.

మీరావలి రేడియేటర్ విప్పి కడిగాడు. హోసు పైపులు మార్చాడు. థర్మోస్టాట్ తీసేశాడు, మళ్ళీ పెట్టాడు. నీటి పంపు మార్చాడు. ప్రతిసారీ ఘాటు మీదికి తానే తోలి చూసేవాడు. బండి చుక్క ఆవిరి లేకుండా ఎక్కి దిగేది.

"అచ్యుతంగారూ, నా దగ్గరికొస్తే కొత్త అల్లుడిలా ఉంటుంది. మీ దగ్గరే దీనికి జ్వరం. ఏమనుకోకండి, క్లచ్చి మీద కాలు పెట్టి తోల్తున్నారేమో?"

"నేనా?"

"మరి నేనా?"

షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. అచ్యుతం ఎర్రబడ్డ ముఖంతో జీపెక్కాడు. ఆశ్రమానికి వచ్చి, స్నానం చేసి, బోర్డు తగిలించాడు.

ఇదంతా ఇలా ఎన్నాళ్ళు సాగేదో కానీ, ఊటలబందలో జమున అనే అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. వైద్యశాల నర్సు ఎస్తేరమ్మ పోయినసారి డోలీవాళ్ళతో నడిచి వెళ్ళి చూసి వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నొప్పులు మొదలయ్యాక దింపడం కాదు, మొదలవకముందే దింపి పెద్దాసుపత్రికి చేర్చాలి. డోలీలో కుదుపుకు ఆగే కేసు కాదు. అందుకే జీపు వెళ్ళింది, ఏనుగురాయి దగ్గర ఆగింది, వెనక్కి వచ్చింది. ఈ కథ మొదలైంది అక్కడే.

"అచ్యుతంగారూ, రేపు పొద్దున్నే మళ్ళీ వెళ్దాం" అంది ఎస్తేరమ్మ, తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ. "ఈసారి మీ బండిని బతిమాలండి. మీ దేవుణ్ణి, మా దేవుణ్ణి ఇద్దర్నీ అడుగుదాం. ఆ పిల్లకు మాత్రం అడగడానికి మనం తప్ప ఇంకెవరూ లేరు."

అచ్యుతం అప్పుడే గురువుగారి దగ్గరికి వచ్చి బండి పనికిరాదన్నాడు. ఆయన ఆ ఒక్క మాట అన్నారు.

మధ్యాహ్నం వాన వెలిసి ఉక్కపోతగా ఉంది. కరెంటు లేదు. స్వామి అరుగు మీద చాప వేసుకొని కూర్చున్నారు. అచ్యుతం అలవాటుగా తాటాకు విసనకర్ర తీసుకొని విసరడం మొదలుపెట్టాడు. చెయ్యి విసురుతోంది, మనసు పట్నంలో ఉంది. ఆ కొత్త బండి ఇంకా అమ్ముడుపోలేదని తెలిసింది. దాతను ఒప్పించి దాన్ని తెప్పిస్తే? ఒప్పించవచ్చు. కానీ రేపటికి రాదు. జమున రేపటికి మించి ఆగేలా లేదని ఎస్తేరమ్మ కళ్ళు చెప్పాయి.

"నా పటం ఒకటి లోపల ఉంది కదా" అన్నారు స్వామి. "తీసుకురా."

భక్తులెవరో కట్టించి ఇచ్చిన పటం అది, గాజుతో, పెద్దది. అచ్యుతం గోడ మీది నుంచి దించి తెచ్చాడు. స్వామి దాన్ని తీసుకొని, ఒళ్ళో నిలబెట్టి, తన ముఖానికి అడ్డంగా రెండు చేతులతో పట్టుకున్నారు. పటంలో ముఖం ఇటు, ఆయన ముఖం అటు.

"విసురు" అన్నారు పటం వెనకనుంచి.

అచ్యుతం విసిరాడు.

కాసేపయింది.

"విసురుతున్నావా?"

"విసురుతున్నాను స్వామీ."

"గట్టిగా విసురు."

గట్టిగా విసిరాడు. గాజు మీద పడిన దుమ్ము లేచిపోయింది. పటం అంచుల పక్కనుంచి చూస్తే గురువుగారి మెడ మీదుగా చెమట ధార కడుతోంది. అచ్యుతం చెయ్యి ఆగింది.

"ఆపావేం?"

"గాలి పటానికి తగులుతోంది స్వామీ."

"పటంలో ఉన్నది ఎవరు?"

"మీరే."

"మరి నాకు చెమట పోస్తోందేం?"

స్వామి పటాన్ని పక్కన బోర్లా పెట్టేశారు. "ఇప్పుడు విసురు" అని కళ్ళు మూసుకున్నారు. ఇంకేమీ చెప్పలేదు. కాసేపటికి నిద్రపోయారు కూడా.

అచ్యుతం షెడ్డుకేసి నడుస్తూ దాన్ని గురించి ఆలోచించాడు. బాగానే ఆలోచించాడు, చదువుకున్నవాడు కదా. సగుణం, నిర్గుణం అనుకున్నాడు. రూపం, స్వరూపం అనుకున్నాడు. ఉపనిషత్తులో ఒక వాక్యం కూడా గుర్తొచ్చింది. తనకు ఇంత లోతైన ఉపదేశం ఈ రోజే ఎందుకు దొరికిందో, బండి గొడవలో ఉన్నవాడికి వేదాంతం ఎందుకో అని కాస్త విసుక్కున్నాడు కూడా.

రేపటి కోసం ఒకసారి ఇంజను చూసుకుందామని తాళం తిప్పాడు. జీపు గురగురలాడింది. దిగి ముందుకు వచ్చి నిలబడ్డాడు. బోర్డు మీద గురువుగారు చిరునవ్వు నవ్వుతున్నారు. వర్షానికి ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన ఒక టేకాకు బోర్డు పక్క సందులో, జాలీకీ చెక్కకూ మధ్య వేలాడుతోంది. తీసేద్దామని చెయ్యి పెట్టాడు. ఆకు రాలేదు. లోపలికి లాక్కుపోతోంది. ఎవరో లోపల కూర్చొని పళ్ళతో పట్టుకున్నట్టుంది.

అచ్యుతం అరచెయ్యి బోర్డు ముందు పెట్టాడు. ఏమీ లేదు. సందు దగ్గర పెట్టాడు. రేడియేటరుకు అందాల్సిన గాలి ఆ సందులోంచి మాత్రమే, వేళ్ళ మధ్యనుంచి ఈల వేస్తూ లోపలికి పోతోంది.

నెమ్మదిగా కొక్కేలు విప్పాడు. బోర్డు చేతిలోకి రాగానే అతని భుజం మీది కండువా కొస ఎగిరి జాలీకి అతుక్కుపోయింది. అది అక్కడ వణుకుతూ ఉంది. లోపల ఇంజను గొంతు మారింది. అది నిజంగా మారిందా, లేక అతనికలా అనిపించిందా అన్నది వేరే మాట.

మర్నాడు తెల్లవారగానే బయలుదేరారు. బోర్డును ఎక్కడ పెట్టాలో అచ్యుతానికి తోచలేదు. ముందు పెట్టలేడు, షెడ్డులో నేల మీద పెట్టలేడు, పూజగది తాళం స్వామివారి దగ్గరుంది. వారు ఇంకా జపంలో ఉన్నారు. చివరికి పంచెలో చుట్టి వెనక సీటు కింద పెట్టాడు.

"బోర్డేదీ? జీపు మొహం బోడిగా ఉంది" అంది ఎస్తేరమ్మ.

"ఉక్కగా ఉందని తీశాను."

"ఎవరికి?"

అచ్యుతం గేరు వేశాడు.

మలుపులు ఒక్కొక్కటీ వెనక్కి పోయాయి. ఎస్తేరమ్మ ముల్లు కేసి చూస్తూ కూర్చుంది, పిల్లవాడి జ్వరం చూసినట్టు. ఏనుగురాయి వచ్చింది. ముల్లు మధ్యలో నిలబడి ఉంది. ఏనుగురాయి పోయింది.

"మీరావలి గెలిచాడు" అంది ఎస్తేరమ్మ. "క్లచ్చి మీద కాలు తీశారా?"

"తీశాను" అన్నాడు అచ్యుతం.

ఊటలబందలో జమునను దుప్పట్లు పరిచి వెనక పడుకోబెట్టారు. తల దగ్గర ఎస్తేరమ్మ, కాళ్ళ దగ్గర అత్తగారు. అత్తగారు బక్కపలచని ముసలమ్మ. చుట్ట చెవి మీద పెట్టుకుంది కానీ వెలిగించలేదు. "బాబూ, నెమ్మదిగా తోలు. అది నీ బండి కాదు, మా పిల్ల నడుము అనుకో" అంది.

ఘాటు దిగేముందు ఒక వాగు ఉంది. ఎండాకాలంలో దాన్ని వాగు అని ఎవరూ అనరు. ఇప్పుడు నీళ్ళు పెద్దగా లేవు కానీ, అవతలి ఒడ్డున రాత్రి వానకు మట్టి జారి బురద మేటవేసింది. పొద్దున వచ్చేటప్పుడు అది పల్లం కాబట్టి జీపు జారుతూ దిగిపోయింది. అచ్యుతం నాలుగు చక్రాలకూ బలమిచ్చి మెల్లగా ఎక్కించాడు. మూడు చక్రాలు గట్టు పట్టాయి. వెనక ఎడమ చక్రం పట్టలేదు. తిరిగింది, బురద చిమ్మింది, ఇంకా తిరిగింది, ఇంకా దిగింది. అతను వెంటనే ఆపేశాడు. బురదలో కోపంతో తొక్కేవాడు తన గొయ్యి తానే తవ్వుకుంటాడు. ఆ మాత్రం తెలుసు.

దిగి రాళ్ళు పెట్టాడు. రాళ్ళు మునిగిపోయాయి. కొమ్మలు విరిచి వేశాడు. చక్రం వాటిని నమిలి వెనక్కి ఉమ్మేసింది. లోపల జమున ఒక్కసారి గట్టిగా అరిచింది.

ఎస్తేరమ్మ తల బయటికి పెట్టింది. ముఖంలో ఇప్పుడు హాస్యం లేదు. "మొదలైనట్టున్నాయి."

"పలక లాంటిది ఏదైనా కావాలి" అన్నాడు అచ్యుతం, ఎవరితోనో అన్నట్టు, చుట్టూ చూస్తూ.

"నా కాళ్ళ కింద గట్టిగా ఏదో తగుల్తాంది" అంది ముసలమ్మ. "గుడ్డలో చుట్టుంది. చెక్కేనా నాయనా?"

ఎస్తేరమ్మకు అర్థమైంది. మరొకరి దేవుడి సంగతిలో తాను కల్పించుకోకూడదనుకుంది.

"అది స్వామివారి బొమ్మ, అవ్వా."

"బొమ్మ చెక్క మీదే కదా ఉంది?"

జమున మళ్ళీ అరిచింది.

అచ్యుతం బోర్డు బయటికి తీశాడు. పంచె విప్పాడు. అడ్డపట్టీలు పైకి ఉంచి పెడితే గురువుగారి ముఖం బురదలో ఉంటుంది, చక్రం ముఖం మీద ఎక్కదు. కానీ నున్నటి రంగు కిందుంటే పలక జారిపోతుంది. పట్టీలు కిందికి ఉంటేనే బురదను పట్టుకొని కదలకుండా ఉంటుంది. అంటే ముఖం పైకి. ముఖం మీదే చక్రం.

అతని బుర్రలో రెండూ ఒకేసారి పనిచేశాయి, బళ్ళు చూసిన బుర్ర, గురువుగారి పాదాలు పట్టిన బుర్ర. చివరికి ఒకటి తప్పుకుంది.

పలకను ఏటవాలుగా చక్రం కిందికి తోసి, కాలితో తొక్కి దిగ్గొట్టాడు. అవును, కాలితోనే. చిరునవ్వు ఇంకా అతనికేసి చూస్తూనే ఉంది. వెళ్ళి కూర్చొని, కళ్ళు మూసుకోకుండా, మెల్లగా క్లచ్చి వదిలాడు. చక్రం రంగును గీరుకుంటూ ఒకటి రెండు సార్లు జారింది. తరవాత చెక్క పట్టింది. జీపు ఒక్క ఊపున గట్టు మీదికి వచ్చింది.

పలకను వదిలేసి పోవచ్చు. కానీ అచ్యుతం దిగి దాన్ని బురదలోంచి లాగి, పంచె చుట్టకుండా, అలాగే సీటు కింద పడేశాడు. "రేపు ఇంకొకరికి పనికొస్తుంది" అంది ముసలమ్మ మెచ్చుకోలుగా. ఆమె అన్నది చెక్కను గురించే.

పెద్దాసుపత్రిలో కోత పెట్టి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఏడవడానికి కాస్త ఆలస్యం చేసింది కానీ, ఏడ్చాక ఆపలేదు.

అచ్యుతం ఆశ్రమానికి వచ్చేసరికి సాయంత్రమైంది. స్వామి అరుగు మీదే ఉన్నారు. అచ్యుతం కాళ్ళు కడుక్కోలేదు. జీపులోంచి బోర్డు తీసి, రెండు చేతులతో మోసుకొచ్చి, గురువుగారి ముందు పెట్టాడు. దారిలో వాగులు తగిలాయి, కడగవచ్చు. కడగలేదు.

స్వామి వంగి చూశారు. నుదుటి నుంచి గడ్డం దాకా టైరు అచ్చు పడింది. ముక్కు లేదు. చిరునవ్వులో సగం ఉంది. ఆశ్రమం పేరులో మొదటి అక్షరాలు మిగిలాయి. కింద కుడి మూలన రంగు పూర్తిగా లేచిపోయి తెల్లటి చెక్క కనిపిస్తోంది.

"తల్లీబిడ్డా?"

"బాగున్నారు స్వామీ."

"బండి మార్చాలన్నావు."

"అక్కర్లేదు స్వామీ."

స్వామి బోర్డు మీది ముఖాన్ని ఇంకాసేపు చూశారు. "చాతుర్మాస్యంలో నన్ను కొండెక్కించావన్నమాట" అన్నారు. తరవాత వేలితో ఆ కుడి మూలను తడిమారు. "ఇక్కడ ఏదో ఉండాలి కదా?"

"చెరిగిపోయింది స్వామీ."

"ఊఁ."

"మళ్ళీ రాయిస్తాను స్వామీ. మీ ముఖం ఒక్కటే. ఈసారి వేరేచోట..."

స్వామి పలకను తిరగేశారు. అడ్డపట్టీలను లాగి చూశారు. ఊడలేదు. వేళ్ళ కణుపులతో చెక్క మీద కొట్టి చెవి ఒగ్గి విన్నారు. బండి కొనేవాడు కూడా అంత శ్రద్ధగా వినడు.

"మంచి చెక్క" అన్నారు. "జీపులోనే ఉంచు. ముందు కాదు. అడుగున."